మ్యాన్‌హోల్ దగ్గర ‘నేను దిగను’ అనడానికి ముందు మేం చేసిన పనులు

ఫార్మా కంపెనీల్లో కాంట్రాక్టు మీద పనిచేసే తమ్ముళ్లు కొంతమంది ఈమధ్య ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. “అన్నా, మీ దగ్గర యూనియన్ ఎలా నిలబడింది? గేటు బయట పెట్టేయలేదా?” ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్తే సరిపోవడం లేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కంపెనీ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. ఇందులో ఉన్నవాళ్లు చాలామంది ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నారు, నేనూ అక్కడే ఉన్నాను.

మాది అనకాపల్లి జిల్లా, పరవాడ దగ్గర ఊరు. ఫార్మా సిటీ వచ్చాక మా వైపు పిల్లల చదువులు కూడా దాన్ని చూసుకునే సాగాయి. ఐటీఐ, డిప్లొమా, లేదంటే బీఎస్సీ కెమిస్ట్రీ. నేను బీఎస్సీ చేసి మందుల్లో వాడే ముడిపదార్థాలు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో చేరాను. కాగితాల్లో హెల్పర్‌ని. చేసేదేమో రియాక్టర్‌లోకి, అంటే రసాయనాలు కలిపే పెద్ద మూసిన పాత్రలోకి, ముడిసరుకు వేయడం, సెంట్రిఫ్యూజ్ (ద్రవం నుంచి పొడిని వేరుచేసే మెషిన్) అన్‌లోడ్ చేయడం, సాల్వెంట్ (రసాయనాల్ని కరిగించే ద్రవం) డ్రమ్ములు మార్చడం, లాగ్ షీట్‌లో టెంపరేచర్ రాయడం. పక్కన ఇదే పని చేసే పర్మినెంట్ ఆపరేటర్‌కి మాకంటే రెండింతలు పైనే జీతం. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా మాకు కొత్త దరఖాస్తు, కొత్త గేట్ పాస్. అదే మనిషి, అదే మెషిన్, సర్వీసు మాత్రం మళ్లీ మొదటి రోజు నుంచి.

ఈ సర్వీసు సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, మా భద్రత కథ మొత్తం అక్కడే ఉంది. కంపెనీలో గోడ నిండా సేఫ్టీ బోర్డులుంటాయి. మార్చి 4న జాతీయ భద్రతా దినం నాడు ప్రతిజ్ఞ చేయిస్తారు, బహుమతులిస్తారు. కానీ రేపు గేట్ పాస్ పనిచేస్తుందో లేదో తెలియని మనిషి, సూపర్‌వైజర్ దిగమన్న ట్యాంకులోకి దిగుతాడు. పని పోతుందన్న భయం ఉన్నవాడికి ఏ హెల్మెట్టూ రక్షణ కాదు. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు, చూసింది.

మా ఈటీపీలో, అంటే వ్యర్థజలాలు శుద్ధి చేసే చోట, ఒక ట్యాంకు అడుగున బురద పేరుకుపోయింది. 2022 వర్షాకాలం. కాంట్రాక్టు మనిషి ఒకతను శుభ్రం చేయడానికి నిచ్చెన వేసుకుని దిగాడు. లోపలి గాలిని కొలిచే గ్యాస్ మీటర్ పెట్టలేదు, మంచి గాలి పంపే బ్లోయర్ పెట్టలేదు. కాసేపటికే కుప్పకూలాడు. పైనున్న రెండో అతను స్నేహితుడు పడిపోవడం చూసి ఆగలేక దిగాడు, అతనూ పడిపోయాడు. మూడో కుర్రాడు కూడా దిగబోతుంటే అక్కడున్న ఒక పెద్దమనిషి చొక్కా పట్టుకుని వెనక్కి లాగి ఆపాడు. ఫైర్ సిబ్బంది వచ్చి మాస్కులు కట్టుకుని ఇద్దరినీ పైకి తీశారు. బతికారు. మొదట దిగిన అతనికి ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

కెమిస్ట్రీ చదివినవాళ్లకి అదేం గ్యాసో చెప్పక్కర్లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్. కొంచెం ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. వంద పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకి వంద పాళ్లు) దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా, గాలి బాగుందనుకుని మనిషి ముందుకెళ్తాడు. గాలికంటే బరువు కాబట్టి గుంటల్లో, ట్యాంకుల అడుగున నిలిచిపోతుంది. 2020 జూన్ చివర్లో మా పరవాడలోనే వేరే ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులో గ్యాస్ లీకై ఇద్దరు చనిపోయారు. దానికి రెండు నెలల ముందు, మే 7 తెల్లవారుజామున, విశాఖ వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై 12 మంది పోయారు. ఈ వార్తలన్నీ మేం చదివినవే, మాట్లాడుకున్నవే. అయినా ఆ రోజు ట్యాంకు దగ్గర ‘మీటర్ ఏది సార్’ అని అడిగినవాళ్లు లేరు.

తర్వాత జరిగింది ఇంకా బాధ పెట్టింది. జీతంలో ఈఎస్‌ఐ కోత (కార్మికుల ఆరోగ్య బీమాకి కట్టేది) నెలనెలా కనిపిస్తోంది. ఆసుపత్రికి వెళ్లి చూస్తే వాళ్లలో ఒకతని పేరు ఈఎస్‌ఐలో నమోదే కాలేదు. కాంట్రాక్టర్ మనిషి వచ్చి ఇంటివాళ్లతో, “ఇంటి దగ్గర కళ్లు తిరిగి పడిపోయాడని సెప్పండి, ఖర్చులు మేం సూసుకుంటాం” అన్నాడు. పనిలో జరిగిన గాయానికి ఈఎస్‌ఐలో ఇన్ని నెలలు కట్టి ఉండాలన్న లెక్క లేదు. మొదటి రోజు నుంచే హక్కు. కోలుకునేదాకా జీతంలో 90 శాతం వస్తుంది. ఆ కుటుంబానికి అది తెలియదు. నిజం చెప్పాలంటే డిగ్రీ చదివిన మాకూ తెలియదు.

ఆ వారంలోనే రామాలయం అరుగు మీద కూర్చున్నాం. జిల్లాలో కాంట్రాక్టు కార్మికుల మధ్య పనిచేస్తున్న ఒక యూనియన్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. విశాఖ పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. నినాదాలు, ఉపన్యాసం ఉంటాయనుకున్నాం. ఆయన మొదట అడిగింది, “జీతం స్లిప్ ఎవరి దగ్గరుంది? చేతులెత్తండి బాబూ.” ఒకట్రెండు చేతులు లేచాయి. “పీఎఫ్ నంబరు తెలిసినోళ్లు?” ఇంకో రెండు. “అయితే ముందు అది సూసుకుందాం, తర్వాత జెండా సంగతి” అన్నారు.

కొత్త యూనియన్ రిజిస్టర్ చేయాలా, ఉన్న యూనియన్లో చేరాలా అని మాలో మాకే చర్చ నడిచింది. అప్పట్లో అమల్లో ఉన్న 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కింద దరఖాస్తుకి ఏడుగురు సంతకం పెడితే చాలనేవారు. కానీ 2001 సవరణ తర్వాత ఆ సంస్థలో పదో వంతు మంది, లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు ఉండాల్సి వచ్చేది. దరఖాస్తు పెడితే మా పేర్లు ముందుగా చేరేది యాజమాన్యం చెవికే. అందుకే జిల్లా యూనియన్లోనే సభ్యులుగా చేరాం. ఇది మంచి నిర్ణయమని ఇప్పటికీ అంటాను. ముందు మనుషులు కూడాలి, సొంత పేరుతో బోర్డు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

తర్వాత కొన్ని నెలలు మేం చేసింది బయటికి కనిపించని పని. టీ కొట్టు దగ్గర, బస్సులో, పెళ్లిళ్లలో, ఒక్కొక్కరి ఫోన్లో ప్రభుత్వ ఉమంగ్ యాప్ తెరిచి పీఎఫ్ పాస్‌బుక్ చూడటం. ఎవరికి ఏ నెల జమ పడలేదో పుస్తకంలో రాసుకోవడం. ఈఎస్‌ఐ నంబరు ఉందా, కుటుంబం పేర్లు ఎక్కాయా చూడటం. ఈ పని చేసినందుకే జనం మా దగ్గరికి వచ్చారు. యూనియన్ అంటే బెదిరిపోయే మనిషి కూడా తన డబ్బు మూడు నెలలు జమ కాలేదని కళ్లారా చూస్తే ఆగడు. సభ్యత్వ రసీదు పుస్తకం అప్పుడు తీశాం, అంతకుముందు కాదు.

మాకు అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లు హౌస్‌కీపింగ్ ఆడవాళ్లని అప్పుడే అర్థమైంది. మాలాంటివాళ్లం ఎవరి బ్లాక్‌లో వాళ్లం ఉంటాం. వాళ్లు అన్ని బ్లాకులూ తిరుగుతారు. ఏ షవర్‌లో నీళ్లు రావో, కళ్లు కడుక్కునే ఏ ఐ వాష్ ముందు డ్రమ్ములు పేర్చేశారో, ఏ అత్యవసర ద్వారానికి బయట తాళం ఉందో ఒక అప్ప వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. “మీరు సదువుకున్నోళ్లు కదా, ఇన్నాళ్లూ సూడలేదేటి?” అని అడిగింది. తర్వాత సేఫ్టీ కమిటీలోకి మా తరఫున పంపింది ఆమెనే. ఆమెకి సంతకం పెట్టడమే కష్టం. కానీ ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేకపోయారు.

ఇక కాగితాల సంగతి. ప్రతి రసాయనానికీ భద్రతా వివరాల పత్రం ఉంటుంది. మా దగ్గర అవి ఆఫీసులో ఫైల్లో, ఇంగ్లిష్‌లో, పేజీలకు పేజీలు ఉన్నాయి. అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర ప్రక్రియల మీద ఒక అధ్యాయం ఉండేది. 1984 భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో చేర్చారు. అందులో 41బి సెక్షన్ ప్రకారం ప్రమాదాల సమాచారం కార్మికులకు చెప్పి తీరాలని ఉండేది. మాలో బీఎస్సీ చేసినవాళ్లం కూర్చుని ఒక్కో రసాయనానికి ఒక్క పేజీ తెలుగులో రాశాం. టొల్యూన్, మిథనాల్, డీఎంఎఫ్ అనే సాల్వెంట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, నైట్రోజన్. ఏది తగిలితే ముందుగా ఏమవుతుంది, ఏం చేయాలి, ఏం చేయకూడదు. ‘టొల్యూన్ ఆవిరి 4 డిగ్రీల దగ్గరే మంటకు అందుకుంటుంది. మన విశాఖ ఎండలో అది ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఎర్తింగ్ క్లిప్ పెట్టకుండా డ్రమ్ము వంచొద్దు’ ఇలా. నైట్రోజన్ పేజీకి ఎక్కువ సమయం పట్టింది. అందరూ దాన్ని విషం కాదంటారు, విషం కాదు కూడా. రంగు లేదు, వాసన లేదు. కాకపోతే ఆక్సిజన్‌ని తోసేసి కూర్చుంటుంది. గాలిలో 20.9 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 19.5 కంటే తగ్గితే దిగకూడదు. ఈ రెండు అంకెలూ మా షిఫ్టుల్లో ఇప్పుడు అందరికీ నోటికి వచ్చు.

ఈలోగా ఊళ్లలో వేరే గొడవ లేచింది. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి తెచ్చిన మనుషుల్ని పంపేయాలి, స్థానికులకే ఉద్యోగాలివ్వాలి అని. భూములు పోయిన కుటుంబాల కోపంలో న్యాయం ఉంది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకివ్వాలని 2019లో రాష్ట్రం చట్టమే చేసింది. ఫార్మా సిటీ గోడకి ఆనుకున్న తాడి గ్రామం వాళ్లయితే కాలుష్యం భరించలేక ఊరినే తరలించమని ఏళ్లుగా అడుగుతున్నారు. కానీ ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడిని తరిమితే మా జీతం పెరగదు. అతన్ని తక్కువ కూలికి, ఎక్కువ గంటలకి వాడుకోగలుగుతున్నారు కాబట్టే తెస్తున్నారు. అతనికీ అదనపు గంటలకి డబుల్ జీతం (ఓటీ), ఈఎస్‌ఐ ఇవ్వాల్సి వస్తే కాంట్రాక్టర్‌కి ఆ తేడా మిగలదు. ఈ మాట ఊళ్లో చెప్పి ఒప్పించడం గేటు దగ్గర నిలబడటం కంటే కష్టమైంది. నా సొంత బావే నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. చివరికి తెలుగు పేజీల్ని హిందీ, ఒడియాల్లోకి కూడా రాయించాం. ఒడియా రాసిన కుర్రాడు మా యూనియన్ సభ్యుడే.

డిమాండ్ల పత్రం 2023లో ఇచ్చాం. కంపెనీకి, కాంట్రాక్టర్‌కి, కాపీలు కార్మిక శాఖకి, ఫ్యాక్టరీల శాఖకి. ప్రతి కాపీ మీదా ముద్ర, తేదీ వేయించుకున్నాం. కొన్ని రోజులకే నలుగురి గేట్ పాస్‌లు పనిచేయడం మానేశాయి. వాళ్లలో ఇద్దరు పీఎఫ్ లెక్కల పుస్తకం రాసినవాళ్లు. కారణం అడిగితే, కాంట్రాక్టర్‌కి మనుషుల అవసరం తగ్గిందన్నారు. ఆ రాత్రి మా అందరిలో టెన్షన్ అంతా ఇంతా కాదు. పొద్దున షిఫ్ట్ బస్సు దిగే చోట గేట్ మీటింగ్ పెట్టాం. లోపలికి వెళ్లాల్సినవాళ్లు పది నిమిషాలు ఆగి, విని, వెళ్లారు. ఎవరూ నినాదం ఇవ్వకపోయినా అంతమంది ఒకేచోట ఆగడం సెక్యూరిటీవాళ్లకి బాగానే కనిపించింది. ఆ నలుగురి ఇళ్లకి నెల సరుకులు మేమే కూడబెట్టి ఇచ్చాం. ఇది ముందే అనుకుని ఉంచుకున్న ఏర్పాటు. యూనియన్ పెట్టేవాళ్లు దీన్ని మొదటే ఆలోచించుకోవాలి. ఆకలితో ఉన్న ఇంటిని చూపించి ఎవరినైనా లొంగదీయొచ్చు.

కార్మిక శాఖ ఆఫీసులో జాయింట్ మీటింగులు మొదలయ్యాయి. మొదటి పిలుపుకి కాంట్రాక్టర్ రాలేదు. వాయిదా. తర్వాత వచ్చి రికార్డులు తేలేదు. మళ్లీ వాయిదా. షిఫ్ట్ మానుకుని, జీతం పోగొట్టుకుని మేం వెళ్లడం, అవతలివాళ్లు టైమ్ అడగడం. ఇక్కడ చాలామంది విసిగిపోతారు, మాలోనూ కొందరు విసిగిపోయారు. పెద్దాయన మాత్రం ప్రతి వాయిదాకీ మినిట్స్ కాపీ, అంటే ఆ రోజు జరిగింది రాసిన కాగితం, అడిగి తీసుకునేవారు. “రాలేదని రాయించండి సార్, అదీ రికార్డే” అనేవారు.

కంపెనీ తరఫు ఆయన వాదన ఒకటే. “వీళ్లు మా కార్మికులు కారు, కాంట్రాక్టర్ మనుషులు.” పెద్దాయన చట్టం పుస్తకం తెరిచి ఆయన ముందే చదివారు. ఫ్యాక్టరీల చట్టంలో కార్మికుడంటే నేరుగా గానీ, కాంట్రాక్టర్ ద్వారా గానీ పనిలో ఉన్న ప్రతి మనిషీ. జీతాల విషయంలోనూ కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పేది. ఇంకో మాట కూడా అన్నారు. వివాదం అధికారి ముందు నడుస్తుండగా, ఆ వివాదంలో ఉన్నవాళ్ల పరిస్థితి మార్చకూడదని పారిశ్రామిక వివాదాల చట్టం 33వ సెక్షన్ ఉంది, ఈ నలుగురి సంగతి ముందు తేల్చండి అని. అధికారి కూడా అదే అడిగారు. తర్వాతి వాయిదా లోపే నలుగురూ లోపలికి వెళ్లారు. వాళ్ల పాస్‌లు గేటు దగ్గర పనిచేసిన పొద్దున మాకు పండగే.

ఒప్పందం అధికారి ముందే రాయించుకున్నాం. ఇది ముఖ్యం. బయట గదిలో రాసుకున్న కాగితానికి, కన్సీలియేషన్‌లో, అంటే కార్మిక శాఖ అధికారి జరిపే రాజీ చర్చల్లో, కుదిరిన పారిశ్రామిక వివాదాల చట్టం 12(3) ఒప్పందానికి చాలా తేడా ఉంది. రెండోది యూనియన్లో లేనివాళ్లకీ, రేపు చేరేవాళ్లకీ కూడా వర్తిస్తుంది.

అందులో మేం ఎక్కువగా పట్టుబట్టింది ఒక్క వాక్యం మీద. ట్యాంకు, రియాక్టర్ లాంటి మూసి ఉన్న చోట్ల గురించి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ స్పష్టంగానే ఉండేది. సరైన మనిషి స్వయంగా పరీక్షించి రాతపూర్వకంగా ఇవ్వాలి, లేదా శ్వాస పరికరం పెట్టుకుని, నడుముకి బెల్టు, తాడు కట్టుకుని, ఆ తాడు రెండో కొస బయట ఒక మనిషి పట్టుకుని ఉండాలి. 41హెచ్ సెక్షన్ ప్రకారం, ప్రాణానికి ముప్పు ఉందని అనుమానం వస్తే కార్మికుడు యాజమాన్యానికి, ఇన్‌స్పెక్టర్‌కి చెప్పొచ్చు. అయితే చెప్పొచ్చని అప్పట్లో ఉండేది గానీ, ఈలోగా పని ఆపొచ్చని సూటిగా లేదు. ఆ మిగిలిన సగం మేం రాయించుకున్నాం. లోపలికి దిగడానికి ఇచ్చే పర్మిట్ మీద గ్యాస్ రీడింగ్, బయట నిలబడే మనిషి సంతకం లేకపోతే దిగనన్న కార్మికుడి మీద క్రమశిక్షణ చర్య ఉండదు, ఆ షిఫ్ట్ జీతం కోయరు. ఈ వాక్యం కోసం చర్చలు చాలాసేపు ఆగిపోయాయి. దానికోసం జీతం పెంపులో కొంత వదులుకున్నాం. అప్పట్లో కొందరికి అది నచ్చలేదు. నేను మాత్రం మళ్లీ అడిగినా అదే చేస్తాను.

ఇంకా వచ్చినవి: ఈఎస్‌ఐ, పీఎఫ్ బాకీలు కట్టడం, అందరికీ జీతం స్లిప్, సేఫ్టీ కమిటీలో కాంట్రాక్టు కార్మికులకూ చోటు, కాంట్రాక్టర్ మారినా ఉన్న మనుషుల్నే కొనసాగించడం. ఈ చివరిది మేం కొత్తగా కనిపెట్టింది కాదు. విశాఖ స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టు కార్మికులు ఏళ్ల తరబడి పట్టుకుని నడిపిన పద్ధతి. ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా 2021 ఫిబ్రవరిలో కూర్మన్నపాలెంలో రిలే దీక్షలు మొదలయ్యాక మావాళ్లు సంఘీభావంగా వెళ్లి కూర్చునేవారు. ఆ టెంట్లో కూర్చున్నప్పుడు జాబితాలు ఎలా రాసుకోవాలో, టెండర్ సమయంలో ఎవరిని కలవాలో వాళ్లు మాకు చెప్పారు. 2025లో వాళ్లలోనే వేలమందిని తీసేయడం మొదలుపెట్టినప్పుడు మాకు ఎంత కష్టంగా అనిపించిందో రాయలేను. రానివి కూడా రాయాలి. సమాన పనికి సమాన వేతనం రాలేదు. ఓటీకి రెండింతలు కట్టాలన్నది చట్టంలో ఉన్నా, మాకు పూర్తిగా అమలయ్యేసరికి మరో దఫా గొడవ పడాల్సి వచ్చింది.

ఆ వాక్యం మొదటిసారి పనికొచ్చింది ఒక రాత్రి షిఫ్టులో. రియాక్టర్ లోపల గోడలకి పట్టిన గడ్డలు తీయాలి. తెల్లారేసరికి కొత్త బ్యాచ్ ఎక్కించాలని పైనుంచి ఒత్తిడి. శ్రీకాకుళం వైపు కుర్రాడు, చేరి ఎక్కువ కాలం కాలేదు, దిగాల్సింది అతనే. పర్మిట్ కాగితం వచ్చింది గానీ రీడింగ్ గడి ఖాళీగా ఉంది. మీటర్ సరిచూడటానికి, అంటే కాలిబ్రేషన్‌కి వెళ్లిందట. “ఐదు నిమిషాల పనిరా, దిగు” అన్నాడు సూపర్‌వైజర్. కుర్రాడు మ్యాన్‌హోల్ పక్కనే నిలబడి, “రీడింగ్ రాకుండా దిగను సార్. అగ్రిమెంట్‌లో ఉంది” అన్నాడు. గొంతు వణికిందని అక్కడున్నవాళ్లు చెప్పారు. సూపర్‌వైజర్ మేనేజర్‌కి ఫోన్ చేశాడు. కమిటీలో ఉన్న మావాడు పక్క బ్లాక్ నుంచి వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. వేరే ప్లాంట్ నుంచి మీటర్ తెప్పించి లోపలికి దించితే ఆక్సిజన్ 16 శాతం. నైట్రోజన్ లైన్‌కి బ్లైండ్, అంటే దాన్ని పూర్తిగా మూసే బిళ్ల, వేయలేదు, వాల్వ్ మూసినా గ్యాస్ కారుతోంది. దిగి పని మొదలుపెడితే తల తిరిగి తూలిపోయేవాడు. బ్యాచ్ మర్నాడు మధ్యాహ్నం ఎక్కింది. ఎవరికీ మెమో రాలేదు. ఆ సూపర్‌వైజర్ని నేను తిట్టను. అతనికీ పైన ఒత్తిడే. తర్వాత ఆయనే ప్రతి షిఫ్టులో మీటర్ ఉందో లేదో మొదట చూడటం మొదలుపెట్టాడు.

2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగింది. సాల్వెంట్ లీకై, ఆవిరి మేఘంలా పరుచుకుని పేలింది. 17 మంది చనిపోయారు, ముప్పై మందికి పైగా గాయపడ్డారు. మా ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. మా ఊళ్ల చుట్టూ ఏ ఇంట్లో చూసినా ఎవరో ఒకరు ఏదో ఒక ఫార్మాలో ఉంటారు. మావాళ్లు కొందరు అనకాపల్లి ఆసుపత్రికి, కొందరు విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్లారు. రక్తం అవసరమైతే ఇవ్వడానికి, బంధువులకి దారి చూపడానికి, పేర్లు రాసుకోవడానికి. చనిపోయిన కుటుంబాలకి కోటి రూపాయలు ప్రకటించారు. అది ఇవ్వాల్సిందే. కానీ కోటి రూపాయలు తీసుకున్న ఏ తల్లినైనా అడగండి, ఏం కావాలని. మర్నాడు మా గేట్ మీటింగులో మేం ఒక్కటే అడిగాం. మన ప్లాంట్‌లో సాల్వెంట్ లైన్ల అతుకులు, అంటే ఫ్లాంజ్‌లు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఆ రిజిస్టర్ సేఫ్టీ కమిటీకి చూపించండి. చూపించారు. కొన్ని మార్చారు కూడా. తర్వాత 2025 జూన్ 30న తెలంగాణలో పాశమైలారంలో నలభై మందికి పైగా పోయినప్పుడు, ఆ వైపు పనిచేస్తున్న మా జిల్లా కుర్రాళ్లకి మా తెలుగు పేజీలు పంపాం.

ఫ్యాక్టరీ గేటు బయట పనులు కూడా యూనియన్ పనులేనని మేం మొదట్లో అనుకోలేదు. రాత్రి షిఫ్ట్ దిగిన ఆడవాళ్లకి ఊరికి బస్సు లేదు. ఆటోలో ఇంటికి వెళ్లేసరికి ఒక పూట కూలి పోతుంది. డిపోకి వెళ్లి, షిఫ్ట్ టైముల పట్టిక, ఊళ్లవారీగా మనుషుల లెక్క రాసిచ్చాక ఒక ట్రిప్ వేశారు. ఈఎస్‌ఐ సంగతి ఇంకా సగంలోనే ఉంది. పెద్ద జబ్బు చేస్తే మల్కాపురం ఆసుపత్రికి వెళ్లాలి, మా ఊళ్ల నుంచి అది ఒక రోజు పని. డిస్పెన్సరీలో మందు లేదని రాసిచ్చినప్పుడల్లా ఆ చీటీ ఫొటో తీసి పంపమన్నాం. ఆ ఫొటోల కట్టతో అధికారుల్ని కలిశాక బీపీ, షుగర్ మందులు కొంత సక్రమంగా వస్తున్నాయి. స్పెషలిస్టులు ఇంకా రావడం లేదు, అడుగుతూనే ఉన్నాం.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర అసెంబ్లీ ఫ్యాక్టరీల్లో రోజు పని గరిష్ఠ పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకి పెంచే బిల్లు ఆమోదించింది. నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మేం నేర్చుకున్న సెక్షన్ నంబర్లన్నీ మారుతున్నాయి. కాంట్రాక్టు కార్మికుల రక్షణలు ఇదివరకు 20 మంది ఉన్నచోట వర్తిస్తే, ఇప్పుడు 50 మంది ఉండాలి. సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు అన్ని సంస్థల్లోనూ తప్పనిసరి. రసాయనాల మధ్య పదో గంట ఎలా ఉంటుందో ఆ గంటలో పనిచేసినవాళ్లకి తెలుసు. చేతులు పనిచేస్తుంటాయి, తల పనిచేయదు. అందుకే, బిల్లు ఆమోదం పొందకముందే, 2025 జూలై 9 సార్వత్రిక సమ్మెలో మా కరపత్రం మీద మొదటి వాక్యం పని గంటల గురించే వేశాం.

పాత ఒప్పందం గడువు దగ్గరపడుతోంది. కొత్త కోడ్‌ల కింద దాన్ని ఎలా రాయించుకోవాలో పెద్దాయన దగ్గర ఆదివారాలు కూర్చుని చదువుతున్నాం. కాంట్రాక్టర్ టెండర్ కూడా ఈ ఏడాదే. మనుషుల జాబితా, చేరిన తేదీలు, ఈఎస్‌ఐ నంబర్లతో సహా సిద్ధం చేసి రెండు కాపీలు పెట్టాం. ఒకటి యూనియన్ ఆఫీసులో, ఒకటి హౌస్‌కీపింగ్ అప్ప ఇంట్లో. పక్క యూనిట్ నుంచి ముగ్గురు వచ్చి ఎలా మొదలుపెట్టాలని అడిగారు. మీవాళ్ల జీతం స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్కులు చూసి, లెక్క ఒక పుస్తకంలో రాసుకుని, వచ్చే ఆదివారం ఆ పుస్తకంతో రండి అని చెప్పాం.